చల్లలో విత్తనాలు

ప్రసన్నకుమారికి నచ్చనివి ఏమిటని అడిగితే పొద్దు గూకేదాకా చెప్పాల్సి వస్తుంది. నచ్చేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేయవచ్చు. ఉతికి ఆరేసిన తెల్లచీర, కొత్తగా సున్నం కొట్టిన గోడ, చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు. తక్కినదంతా ఛీ. పిల్లల ముక్కులు ఛీ. వాళ్లు పలక మీద ఉమ్మి పెట్టి మోచేత్తో తుడిస్తే ఛీ ఛీ. గోదావరి నీళ్లను నాలుగు మడతల గుడ్డలో వడకట్టి తెచ్చుకున్నా, పొద్దున రేవులో గేదెలు దిగిన సంగతి గుర్తుకొచ్చి, చెంబు నోటిదాకా తెచ్చుకుని మళ్లీ ఛీ. రాజమండ్రి మిషను ఆడపిల్లల బోర్డింగులో పెరిగి, ఆమె ఇప్పుడు అక్కడే చిన్నతరగతి పంతులమ్మ. ఛీఛీ పంతులమ్మ అని పిల్లలు వెనక పిలుస్తారని ఆమెకు తెలుసు. అందులో అబద్ధమేముందని ఊరుకునేది.

ఇలాంటి మనిషి ఆసుపత్రిలో నర్సుగా పోతానంటే ఎవరు నవ్వరు? అందరూ నవ్వారు. బోర్డింగులో వంట చేసే సువార్తమ్మ అయితే పొయ్యి ఊదడం మానేసి మరీ నవ్వింది.

"పుళ్లు కడగాలమ్మా అక్కడ! ముక్కు చీదితేనే మొహం తిప్పుకుంటావు, నువ్వు పుళ్లేం కడుగుతావు?"

నవ్వేవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. కిందటేడు ప్రసన్నకుమారికి వీపున సెగ్గడ్డ లేస్తే, ఊళ్లోకి వచ్చి ఉన్న డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయారు. ఆవిడ కోతకు పెట్టిన పళ్లెం ఎత్తి వెలుగుకు పట్టి చూసి, "ఛీ! దీన్ని ఎవరు కడిగారు?" అని గట్టిగా అరిచింది. అరిచి ఊరుకోలేదు, జబ్బల దాకా గౌను చేతులు మడుచుకుని, మరిగే నీళ్లతో తనే కడిగింది. తర్వాత సబ్బుతో మోచేతుల దాకా తన చేతులు కడుక్కుంది. ప్రసన్నకుమారి బోర్లా పడుకుని, నొప్పి కూడా మరిచిపోయి చూసింది. మురికిని చూసి తనలాగే మండిపడే మనిషి ఈ లోకంలో ఇంకొకరున్నారు. ఆవిడ దగ్గర మురికికి జవాబు ఉంది. ఆ రోజునుంచీ ఆసుపత్రి తప్ప ఇంకో ఆలోచన లేదు ఆమెకు.

ఇప్పుడు ఆ డాక్టరమ్మ పాలకొల్లులో ఆడవాళ్లకు చిన్న ఆసుపత్రి పెట్టబోతోంది. బోర్డింగునుంచి ఒక పిల్లను తీసుకుంటానని కబురు చేసింది. ఎవరిని పంపాలో తేల్చవలసింది బోర్డింగు చూసే దొరసానిగారు. ఆవిడ సరే అంటే పాలకొల్లు. కాదంటే జన్మంతా పలకల మీద ఉమ్మి.

దొరసానిగారు చెడ్డ మనిషి కాదు. ఆవిడ తెలుగే చెడ్డది. ఎనిమిదేళ్లుగా నేర్చుకుంటున్నారు. నేర్పేది మున్షీ జీవరాజుగారు. ఈ పెద్దమనిషి ఆ ఎనిమిదేళ్లలో ఆవిడ మాటలో ఒక్క తప్పయినా దిద్దిన పాపాన పోలేదు. ఆవిడ ఏమన్నా "చిత్తం, ఎంత శ్రావ్యంగా ఉందండీ" అంటాడు. ఒకసారి మిషను గుడి మెట్ల దగ్గర నిలబడి ఆవిడ ఆడవాళ్లందరికీ "కోళ్లు కడుక్కుని లోపలికి రండి" అని ఆజ్ఞాపించారు. కాళ్లని ఆవిడ ఉద్దేశం. పేటనుంచి వచ్చిన ఒక ముసలావిడ ఆ పై ఆదివారం నిజంగానే కోడిని కడిగి చంకన పెట్టుకుని తెచ్చింది. అది గుడంతా పాడు చేసింది. అయినా మున్షీగారు శ్రావ్యంగా ఉందనే అన్నాడు. ఆయన ఉద్యోగానికి ఆ శ్రావ్యమే పునాది మరి. అదీకాక ఆయనకు నశ్యం అలవాటు. ఎప్పుడూ ముక్కు చివర గోధుమరంగు బొట్టు ఒకటి వేలాడుతూ ఉండేది. దాన్ని అరచేత్తో తుడిచి, ఆ అరచేతిని పంచెకు రాసేవాడు. ప్రసన్నకుమారి ఆయనతో మాట్లాడవలసి వస్తే ఆయన భుజం మీదుగా గోడవంక చూస్తూ మాట్లాడేది.

క్రిస్మసు వెళ్లిన వారం దొరసానిగారు ఆమెను బంగళా వరండాలోకి పిలిపించారు. చేతిలో చిన్న కాగితం పొట్లం ఉంది. దాని మీద మనిషెత్తు కంకుల్లా నిలబడిన నీలిపువ్వుల బొమ్మ.

"ఇవి డెల్ఫీనియములు. నా సహోదరి ఓడలో పంపినది. ఈస్టరు పండుగకు ఈ నీలిపుష్పములు దేవుని మందిరములో ఉండవలెనని నా కోరిక. నీవు ఆసుపత్రికి పోగోరుచున్నావు. కాని నీవు ప్రతిదానికి ఛీ అనుచున్నావు. రోగియొద్ద ఛీ అనరాదు. ఓర్పు కావలెను. వీటిని మొలిపించుము. మొలిచినయెడల నీకు ఓర్పు కలదని డాక్టరమ్మతో నేనే చెప్పుదును."

"నేనెప్పుడూ మొక్కలు పెంచలేదండి," అంది ప్రసన్నకుమారి. మట్టి గోళ్లలోకి పోతుందని ఆమె ఎన్నడూ తులసిగింజయినా నాటలేదు.

"కష్టము లేదు. మొదట విత్తనములను రెండు వారములు చల్లలో ఉంచవలెను. చీకటిలో ఉంచవలెను. మూత వేయవలెను. ప్రతిదినము చేతితో తాకి చూడవలెను, ఎండిపోరాదు. పిమ్మట మట్టిలో చల్లవలెను."

దొరసానిగారి దేశంలో ఆరు నెలలు మంచు పడుతుందట. అక్కడి మొక్క కదా, ఆ విత్తనానికి చలి తగిలి, ఆ చలి పోతేగాని మెలకువ రాదు. ఎండదేశంలో అయితే ఏదైనా చల్లనిచోట తడిగా దాచి, ఆ చలికాలాన్ని మనమే దానికి చూపించాలి. ఆవిడ చెప్పదలుచుకున్నది అదే. చల్లదనం అనే మాటను మున్షీగారు అంతకుముందు వారమే నేర్పాడు. ఆవిడ ఆ మాట తోక కాస్తా కోసేశారు. కోస్తే మిగిలింది చల్ల. ఆవిడ కళ్లముందు మంచు ఉంది. ప్రసన్నకుమారి కళ్లముందు సువార్తమ్మ చిలికే మజ్జిగ కుండ ఉంది.

మున్షీగారు వరండా చివర ముక్కాలిపీట మీద కూర్చుని అంతా విన్నాడు. చల్లలో అనగానే ఆయన కనుబొమ్మ ఒకటి లేచింది. లేచి, ఎందుకొచ్చిందిలే అన్నట్టు మళ్లీ దిగిపోయింది.

మెట్లు దిగుతూ ప్రసన్నకుమారి ఆయన దగ్గర ఆగింది.

"అయ్యగారండీ, చల్లలోనేనంటారా? మజ్జిగలోనేనా?"

జీవరాజుగారు గుమ్మంవైపు చూశాడు. దొరసానిగారు లోపలికి వెళ్లిపోయారు. పిలిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. కాని ఒక తప్పు దిద్దితే ఎనిమిదేళ్ల తప్పులూ దిద్దలేదేమని ఆవిడ అడుగుతుంది. ఆయన తీరిగ్గా నశ్యం పీల్చాడు.

"దొరసానిగారు ఏం సెలవిచ్చారో అది చెయ్యమ్మా. చల్లంటే చల్లే. పెద్దవాళ్ల మాటకి అర్థాలు వెతకడం మంచి పద్ధతి కాదు," అని అరచేయి పంచెకు రాసుకున్నాడు.

అలా ఆ సీమ విత్తనాలు మజ్జిగలో పడ్డాయి. సువార్తమ్మ ముంతనిండా చల్ల ఇస్తూ ఏమాత్రం ఆశ్చర్యపడలేదు.

"మా ఊళ్లో బీరగింజలు పేడనీళ్లలో నానేస్తారమ్మా. దొరలు కదా, పేడ ముట్టుకోరు. చల్లలో నానేస్తారు కాబోలు. ఏంటన్నావు దాని పేరు? ఢిల్లీ నియమమా?"

విత్తనాలు నల్లనువ్వుల కంటే చిన్నవి. పొట్లం దులిపితే చల్లమీద చీమల్లా తేలి, కాసేపటికి మునిగాయి. కాగితం మడతల్లో రెండో మూడో అంటుకుని ఉండవచ్చు. ప్రసన్నకుమారి పట్టించుకోలేదు. తన గది వరండాలో ఇసుక పోసి పెట్టిన మంచినీళ్ల కుండ కొన్నాళ్లుగా ఒకపక్కకు ఒరుగుతోంది. ఆ కాగితాన్ని మడిచి కుండ అడుగున ఒత్తు పెట్టింది. ముంతకు గుడ్డ వాసెన కట్టి, గదిమూల చీకట్లో ఉంచింది. చేతులు రెండుసార్లు కడుక్కుంది.

మొదట్లో పులుపువాసనే. చల్ల అన్నాక పులవదా అనుకుంది. తర్వాత నురుగు లేచింది. ఆ తర్వాత నురుగు మీద తెల్లటి బూజు, బూజు మీద పచ్చటి నూగు పట్టాయి. తాకి చూడమన్నారు కాబట్టి ప్రతి పొద్దునా ముక్కు బిగపట్టి, మొహం గోడకు తిప్పుకుని, కుడిచేతి వేళ్లు ఆ బూజులోంచి దింపి అడుగుదాకా తడిమేది. అడుగున విత్తనాలు వేళ్లకు జిగటగా తగిలేవి. బావిగట్టుకు పరుగెత్తి, పొట్టలో ఉన్నదంతా కక్కి, బూడిదతో ఒకసారి, కుంకుడురసంతో ఒకసారి, ఇసకతో ఒకసారి తోముకునేది. తోమినా పోయేది కాదు. తరగతిలో పలక దిద్దబోతే పిల్లలు ఒకళ్లనొకళ్లు గిల్లుకుని ముక్కులు మూసుకునేవాళ్లు. ఇన్నాళ్లూ తను వాళ్లను ఛీ అంది. ఇప్పుడు వాళ్ల వంతు వచ్చింది. ఆ చెయ్యి అన్నంలో పెట్టలేక సువార్తమ్మ దగ్గర చిన్న గరిటె అడిగి తెచ్చుకుని, దానితో తినేది.

ఒకనాడు వాసెన విప్పితే పురుగులు. తెల్లగా, సన్నగా, బూజులో మెలికలు తిరుగుతున్నాయి. ఆమె గోడకు చేరబడి కూర్చుండిపోయింది. ఒళ్లంతా గగుర్పొడిచింది. అవతల పారబోసి, నాకు ఏ ఆసుపత్రీ వద్దని చెప్పేస్తే ఎంత హాయి! వెంటనే డాక్టరమ్మ జబ్బల దాకా మడిచిన చేతులు కళ్లముందు నిలిచాయి. మనుషుల ఒంట్లోంచి ఇంతకంటే మంచివేం వస్తాయి? లేచి వేళ్లు పెట్టింది. పురుగులు వేళ్ల సందుల్లోంచి జారాయి. ఆ పూట గరిటెతో కూడా తినలేకపోయింది.

"పారబొయ్యమ్మా తల్లీ," అంది సువార్తమ్మ గుమ్మం అవతలే నిలబడి. "పిల్లలు పడుకోలేకపోతున్నారు. ఇది మొలిచేదీ కాదు, పూసేదీ కాదు."

"రెండు వారాలన్నారు పిన్నీ. ఇంకెంతో లేదు," అంది ప్రసన్నకుమారి. అంటూనే మళ్లీ బావివైపు పరుగెత్తింది.

గడువు రేపటితో తీరుతుందనగా డాక్టరమ్మ వచ్చింది. ఎండలో పడి తిరిగి చర్మం ఇటుకరంగు తేలిన మనిషి. ఆవిడ తెలుగు ఏ మున్షీ దగ్గరా నేర్చుకోలేదు, రోగుల దగ్గర నేర్చుకుంది. వెంట దొరసానిగారు, వాళ్ల వెనక ఉత్తరీయం సర్దుకుంటూ జీవరాజుగారు. ముగ్గురూ ప్రసన్నకుమారి గది వరండాలోకి వచ్చారు.

"డెల్ఫీనియములు ఎక్కడ?" అన్నారు దొరసానిగారు సంతోషంగా.

"ఇంకా చల్లలోనే ఉన్నాయండి. రేపు మట్టిలో చల్లుతాను. ఆకుమట్టీ, గోదారి ఇసకా జల్లించి పెట్టెలో పోసి ఉంచానండి," అని ముంత తెచ్చి వాళ్లముందు పెట్టి, వాసెన విప్పింది.

దొరసానిగారు ముందుకు వంగి చూశారు. అంతే. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, వరండా అంచుకు పరుగెత్తి, స్తంభం పట్టుకుని ఓక్కున వాంతి చేసుకున్నారు. మున్షీగారు ఉత్తరీయం మొత్తం మొహానికి చుట్టేసుకున్నాడు.

"ఏమిది? ఏమిది?"

"చల్లండి," అంది ప్రసన్నకుమారి.

"నేను చల్ల అని చెప్పితిని! చల్ల! ఇది... ఇది..."

డాక్టరమ్మ పకపక నవ్వింది. "చల్లంటే మజ్జిగే కదా! విరోచనాలు పట్టినోళ్లకి చల్ల పొయ్యండని రోజూ నేను చెప్తానే. నువ్వు చెప్పాల్సింది చల్లదనంలో అని. పిల్ల తప్పేముంది ఇందులో?"

దొరసానిగారి మొహం ఎర్రబడింది. ఒక తెల్ల మనిషి ఎదుట, తను పెంచే పిల్ల ఎదుట, తన తెలుగు అలా నవ్వులపాలు కావడం ఆవిడకు కొత్త. ఎనిమిదేళ్లుగా శ్రావ్యంగా ఉందనే విన్నారు మరి. చటుక్కున వెనక్కి తిరిగారు.

"మున్షీగారూ! తాము అక్కడనే ఉంటిరి. నేను ఏమని చెప్పితిని?"

ప్రసన్నకుమారికి ప్రాణం లేచి వచ్చింది. ఆయన విన్నాడు. తను ఆగి మరీ అడిగింది కూడా. ఎంత నశ్యం మనిషయినా గుళ్లో వాక్యం చదివే మనిషి. ఆమె మొట్టమొదటిసారి ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

జీవరాజుగారు ఉత్తరీయం దించి గొంతు సవరించుకున్నాడు. "చిత్తం. చల్లని స్థలములో అని అమ్మగారు స్పష్టంగా సెలవిచ్చారు. నా చెవులారా విన్నాను. ఈ కాలపు పిల్లలకి వినే ఓపికేదండీ!"

చెప్పి, డబ్బీ తీసి చిటికెడు నశ్యం పీల్చాడు. ముక్కు చివర బొట్టు ఊరింది. ఆయన మాట తడబడలేదు. ప్రసన్నకుమారి ఆ బొట్టువంకే చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లూ తను ఛీ అన్నదంతా ఎంత చిల్లరదో అప్పుడు తెలిసింది. పురుగులకు ఏం తెలుసు, అవి కుళ్లినచోట పుట్టాయి, కుళ్లిందే తిన్నాయి. ఈయన చక్కగా ఉతికిన ఉత్తరీయం వేసుకుని, పొద్దున్నే ప్రార్థన చెప్పి వచ్చాడు. గొంతుదాకా వచ్చిన ఛీ ఆమె నోట బయటికి రాలేదు. పెద్దవాళ్లను అనకూడదని చిన్నప్పటినుంచీ గుళ్లో నేర్పింది ఈయనే.

"నీకు శ్రద్ధ లేదు," అన్నారు దొరసానిగారు కళ్లు తుడుచుకుంటూ. "శుచియు లేదు."

శుచి లేదట. శ్రద్ధ లేదన్నా పడేది. ఆ రెండో మాటకు ప్రసన్నకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

డాక్టరమ్మ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "ఏదీ, నీ చెయ్యి చూపించు," అంది.

కుడిచెయ్యి చూపించింది. బూడిదా ఇసకా రుద్ది రుద్ది, వేళ్లు తోలూడి ఎర్రగా పచ్చిపుండులా ఉన్నాయి.

"రోజూ ఇందులో చెయ్యి పెట్టావా?"

"పెట్టానండి. తాకి చూడమన్నారు కదండి."

"అసహ్యం వెయ్యలేదూ?"

"వేసిందండి. రోజూ కక్కానండి."

"కక్కి?"

"చెయ్యి కడుక్కుని, మర్నాడు మళ్లీ పెట్టానండి."

డాక్టరమ్మ ముంత మీదికి వంగి, మొహం చిట్లించి, "ఛీ!" అంది బిగ్గరగా. ఆపైన దొరసానిగారి వైపు తిరిగింది. "అసహ్యమన్నది తెలీనోళ్లని చాలామందిని చూశాను. పుండు కడగమంటే పైపైన తుడిచి వచ్చేస్తారు. అసహ్యమున్నోళ్లయితే అడుగుదాకా కడుగుతారు. ఈ పిల్లని నాకిచ్చెయ్."

"మొలకలు లేవు," అన్నారు దొరసానిగారు. "మొలిచినయెడల అని చెప్పితిని. మాట మాటయే."

ఎండలో నడిచి వచ్చిన డాక్టరమ్మ విసుగ్గా మొహం కడుక్కోవడానికి నీళ్లడిగింది. సువార్తమ్మ మంచినీళ్ల కుండ వంచింది. వంచినది అలాగే పట్టుకుని, "అమ్మ బాబోయ్, ఇవేంటివి?" అంది.

కుండ అడుగు ఎప్పుడూ చెమరుస్తూనే ఉంటుంది. ఆ చెమ్మతో ఇసుక చల్లగా, చీకటిగా, తడిగా ఉంటుంది. ఒత్తు పెట్టిన కాగితం నాని పీలికలైంది. దాని మడతల్లోంచి మూడు పాలిపోయిన కాడలు వంకరగా బయటికి వచ్చాయి. ఒక్కోదానికి రెండేసి ఆకులు. ఒకదాని నెత్తిన నల్లటి పొట్టు ఇంకా అంటుకునే ఉంది. చల్లదనంలో ఉంచిన విత్తనాలు అవి మాత్రమే మరి.

దొరసానిగారు గౌను సంగతి మరిచి ఇసుకలో మోకాళ్ల మీద కూలబడ్డారు. "ఇవియే! ఇవియే!" అని వేలితో తాకీ తాకనట్టు తాకారు. ఆవిడ ఏడుస్తున్నారని తెలిసి సువార్తమ్మ మొహం తిప్పుకుంది.

"నేను మొదటినుంచీ చెబుతున్నాను కదండీ, చల్లని స్థలమని," అన్నాడు జీవరాజుగారు.

దొరసానిగారు తల ఊపారు. ప్రసన్నకుమారిని పాలకొల్లుకు పంపడానికి ఒప్పుకున్నారు. శుచి లేదన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం ఆవిడకు తోచలేదు. ముంత ఎవరు పారబోయాలన్న ప్రశ్న కూడా ఎవరికీ రాలేదు. అందులో ఉన్నదంతా తోటవెనక పాతిపెట్టి, ముంత పగలగొట్టింది ప్రసన్నకుమారే.

ఆ మూడు మొలకలనూ ఆకుమట్టి పెట్టెలోకి మార్చి, బంగళా వరండాలో నీడన పెట్టారు. దొరసానిగారు తడిగుడ్డలు వేలాడగట్టి, విసనకర్రతో విసిరించారు. జానెడు ఎదిగాయి కూడా. మాఘం వెళ్లి గోదావరి ఎండలు ముదిరేసరికి ఒకటొకటే తలవాల్చి, కాడ నల్లబడి, మొదలు కుళ్లి పోయాయి. ఆ ఏడు ఈస్టరుకు గుడిలో ఎప్పటిలాగే గన్నేరుపూలు పెట్టారు.

అంతకుముందే ప్రసన్నకుమారి పాలకొల్లు ప్రయాణమైంది. దిగబెట్టి రావడానికి సువార్తమ్మ వెంట బయలుదేరింది. కొవ్వూరు వెళ్లే పడవ దగ్గరకు జీవరాజుగారు ప్రత్యేకంగా వచ్చాడు. నలుగురూ చూస్తుండగా ప్రయాణప్రార్థన చేశాడు. ప్రార్థన అయ్యాక నశ్యం పీల్చాడు. ముక్కును అరచేత్తో తుడుచుకున్నాడు. ఈసారి పంచెకు రాసుకోలేదు. ఆ అరచేతిని తెచ్చి, దువ్వి జడ వేసుకున్న ఆమె నడినెత్తిన పెట్టి అదిమాడు.

"నా మాట నిలబెట్టావమ్మా. చల్లనిచోట ఉంచితే ఏదయినా మొలుస్తుందని చెప్పానా? దేవుడు నిన్ను దీవించుగాక."

ఆమె కదలకుండా తల వంచుకుని నిలబడింది. నెత్తిన తడి తగిలింది.

గోదావరి దాటారు. విజ్జేశ్వరం దగ్గర కాలవ పడవ ఎక్కారు. సువార్తమ్మ ఏదో చెబుతూనే ఉంది. ప్రసన్నకుమారి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మెడ బిగబట్టి కూర్చుంది. తల అటూ ఇటూ కదిపితే ఆ అరచెయ్యి ఇంకా లోపలికి దిగిపోతుందేమోనన్నట్టు కూర్చుంది.

లాకు దగ్గర పడవ ఆగింది. నీళ్లకు అడ్డంగా వేసిన లాకు తలుపులు తీసేదాకా కాలవగట్టున దిగి నిలబడ్డారు అందరూ. గట్టువార నీళ్లలో గేదెలు ముక్కులు మాత్రం పైకి పెట్టి పడుకుని ఉన్నాయి. నీళ్లు బురదరంగుగా ఉన్నాయి, పేడ ముద్దలు తేలుతున్నాయి. ప్రసన్నకుమారి జడ విప్పుకుంటూ మెట్లు దిగింది.

"అదేంటమ్మా!" అని సువార్తమ్మ గట్టుమీంచి కేక వేసింది. "గేదెలు పడుకున్నాయి అక్కడ! ఆగు, ముందు బావేదైనా ఉందేమో చూద్దాం!"

"గేదెలే కదా పిన్నీ," అంది ప్రసన్నకుమారి. నడుందాకా నీళ్లలోకి దిగి, నడినెత్తి దాకా ములిగింది. లేచి, పిడికెడు ఒండ్రుమట్టి తీసి మాడున రుద్దుకుని, మళ్లీ ములిగింది.